రాజపూజ్యం రెండు, అవమానం ఒకటి

ఏటా ఉగాదినాడు పంతులుగారు పంచాంగం విప్పి ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం చదువుతారు. మన రాశి వచ్చేదాకా చెవులు రిక్కించి వింటాం, రాగానే పులిహోర వైపు నడుస్తాం. పెద్దల జీవితచరిత్రలు కూడా ఈ లెక్కనే రాయాలన్నది నా చిరకాల ప్రతిపాదన. మొదటగా, 2025 మే 20న పూణెలో కన్నుమూసిన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ గారిది వేసి చూశాను. ఉండి ఉంటే ఒప్పుకునేవారు కాదని తెలిసే వేశాను.

జాతకంలో మొదటి దోషం గురువుగారితోనే మొదలైంది. కేంబ్రిడ్జిలో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ శిష్యుడిగా చేరి స్థిరస్థితి విశ్వాన్ని నెత్తికెత్తుకున్నారు. అంటే, విశ్వానికి మొదలూ లేదు తుదీ లేదు. అది వ్యాకోచిస్తూంటే ఆ ఖాళీల్లో కొత్త పదార్థం పుట్టుకొస్తూ ఉంటుంది. ఇది జ్యోతిష్కుల పొట్ట కొట్టడం కాదా? పుట్టిన వేళే లేనిదానికి లగ్నం ఎక్కడ కడతారు? విశ్వం ఒకప్పుడు మొదలైందనే మహావిస్ఫోటం వాళ్లు నయం, వేళ చెప్పారు. 1965లో ఆకాశం నలుమూలల నుంచీ వస్తున్న పాత వేడి తాలూకు మైక్రోవేవ్ కిరణాల కబురు బయటపడ్డాక లోకమంతా అటే వెళ్లింది. ఈయన వెళ్లలేదు. 1993లో హాయిల్, జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి అదే సిద్ధాంతాన్ని మరమ్మతు చేసి మళ్లీ తెచ్చారు. ఓడిన పార్టీలో ఇన్నేళ్లున్న మనిషిని చూస్తే మన నాయకులకు గుండె తరుక్కుపోతుంది.

అసలు విడ్డూరం వేరే ఉంది. 1964లో ఆ గురుశిష్యులు ఇచ్చిన గురుత్వాకర్షణ సిద్ధాంతం ప్రకారం వస్తువు ద్రవ్యరాశి దాని సొంత ఆస్తి కాదు, విశ్వంలోని తక్కిన పదార్థమంతా కలిసి సమకూర్చింది. ఆర్టీసీ బస్సు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలడంలో ఎక్కడెక్కడి నక్షత్రాల చెయ్యో ఉందన్నమాట! ఇంత దూరం ఒప్పుకున్న మనిషి, వాటిలో ఏది అమ్మాయి పెళ్లికి అడ్డుపడుతోందో చెప్పడానికి మాత్రం మొండికేశారు. గురుత్వబలం తప్ప గురుబలం నమ్మలేదు.

రాజపూజ్యానికి లోటు లేదు. 1965లో, ఇరవయ్యారేళ్లకే పద్మభూషణ్. 2004లో పద్మవిభూషణ్. ఇక అవమానం. 2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష్యం కోర్సులు పెట్టాలని యూజీసీ సంకల్పించింది. అది వైదికమూ కాదు, విజ్ఞానమూ కాదని ఈయన ఆ ఏడే రాశారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపకులు పుష్పమిత్ర భార్గవ హైకోర్టుకెళ్లి ఓడి, సుప్రీంకోర్టుకెళ్లారు. 2004 మే నెలలో అక్కడా కొట్టేశారు. జనవరిలో నక్షత్రాలు చదివినందుకు పద్మవిభూషణ్, మేలో నక్షత్రాలు ‘చూసే’వారికి తరగతి గది. ఒకే ఏడు రెండూ నడిచాయి. అవమానం ఎవరిదన్నది పంచాంగంలో లేదు.

ఊరుకున్నారా? 2008లో మహారాష్ట్రలో జ్యోతిష్కులకు పరీక్ష పెట్టారు. చదువులో చురుకైన పిల్లల జాతకాలు వంద, మానసిక ఎదుగుదల లోపమున్న పిల్లలవి వంద కలిపి, ఒక్కొక్కరికి నలభై పంపారు. ఏది ఎవరిదో చెప్పాలి. పేరిచ్చింది 51 మంది, జవాబులు పంపింది 27 మంది. నక్షత్రానికొకరు, సరిగ్గా సరిపోయారు! సగటున సరిపోయినవి 46 శాతం. జేబులోని రూపాయి బిళ్ల ఎగరేస్తే యాభై. దీన్నిబట్టి శాస్త్రం తప్పనడం అన్యాయం. వాళ్లు చెప్పినదానికి సరిగ్గా తలకిందులు చేస్తే 54 వస్తుంది కదా, దక్షిణ గిట్టుబాటే. యూజీసీ వారు రూపాయి బిళ్లకు కూడా ఒక పీఠం ఇస్తే బాగుంటుంది. దానికి జీతం అక్కర్లేదు.

ఆ పరీక్షలో ఆయనకు తోడున్న, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పూణెలో కాల్చి చంపారు. దీనికి నా దగ్గర చమత్కారం లేదు.

మన ఊరితో కూడా ఆయనకు లెక్క ఉంది. 2005 ఏప్రిల్‌లో ఆయన ఆధ్వర్యంలో హైదరాబాద్ నుంచి ఒక పెద్ద బెలూన్ ఎగిరింది. 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి పట్టి తెచ్చి చూస్తే మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికాయి. ఒకదానికి జానిబాక్టర్ హాయిలీ అని గురువుగారి పేరే పెట్టారు. గురుదక్షిణగా సూక్ష్మజీవిని ఇచ్చిన శిష్యుడు పురాణాల్లో కూడా లేడు. సరే, అవి పైనుంచి దిగినవా, కిందనుంచి ఎగిరినవా? ఈ అధ్యయనంతో ఖాయంగా తేలదు అన్నారు! మా వాస్తు పండితుడు గుమ్మం చూసి మూడు తరాల సంగతి తేల్చేస్తాడు, బెలూన్ లేకుండా.

ఇక పిల్లల్ని చెడగొట్టడం. 1988లో పూణెలో ఆయుకా అనే ఖగోళ పరిశోధన కేంద్రం పెట్టి, దానికి తొలి డైరెక్టరై, బడిపిల్లల్ని లోపలికి రానిచ్చారు. ఆటోగ్రాఫ్ అడిగితే, ‘ఒక ప్రశ్న రాసి పోస్టుకార్డు పంపండి, జవాబు రాసి సంతకం పెడతాను’ అనేవారు. మన కాలేజీలు తెల్లవారుజామున లేపి మరీ జవాబులు బట్టీ పట్టిస్తుంటే, ఈయన ప్రశ్నలు అడిగించడం! ఇలాంటివారిని ఎన్‌సీఈఆర్‌టీ సైన్స్, లెక్కల పుస్తకాల సలహా బృందానికి అధ్యక్షుణ్ణి చేశారు. పేరు ముందు పేజీల్లోనే ఉంటుంది, ఎవరూ తెరవని చోట.

మా ఇంట్లో తెరిచాం. మనవడి పదో తరగతి పుస్తకాలొచ్చిన రోజు, రాహుకాలం దాటేదాకా వాళ్ల నానమ్మ సంచి విప్పనివ్వలేదు. దాటాక ఒక్కో పుస్తకం తీసి, ముందు పేజీలు తిప్పి పసుపు రాసి బొట్టు పెట్టింది. సైన్స్ పుస్తకంలో ఆ బొట్టు నార్లీకర్ గారి పేరు మీద పడింది. ‘తాతా, రాహువు బరువెంత?’ అన్నాడు వాడు. పోస్టుకార్డు కోసం వెతుకుతున్నాను.