కోడ్ అంకెల్లో ఉన్నంత మాత్రాన సంఖ్య కాదు

డేటాబేస్‌లో కొత్త టేబుల్ తయారుచేసేటప్పుడు కాలమ్‌కు ఏ పేరు పెట్టాలా అని కాసేపు ఆలోచిస్తాం. దాని టైప్ గురించి, అంటే అందులో ఉండేది సంఖ్యా, టెక్స్టా అన్నదాని గురించి అంత ఆలోచించం. దేశానికో వస్తువుకో గుర్తుగా ఇచ్చే కోడ్‌లో అన్నీ అంకెలే కనిపిస్తే ఇంటిజర్ (పూర్ణ సంఖ్య) అని పెట్టేసి ముందుకు వెళ్లిపోతాం. ఆ తొందర తర్వాత చాలా టెన్షన్ తెచ్చిపెడుతుంది.

ఐఎస్ఓ 3166 ప్రమాణంలో దేశాలకు మూడంకెల కోడ్‌లు ఉన్నాయి. అఫ్గానిస్థాన్‌ది 004, బ్రెజిల్‌ది 076. ఇంటిజర్ కాలమ్‌లో వేస్తే ఇవి 4, 76 అయిపోతాయి. ఇందులో డేటాబేస్ తప్పేమీ లేదు. సంఖ్యకు ముందున్న సున్నాకు విలువ లేదు కాబట్టి వదిలేసింది. కోడ్‌లో మాత్రం ఆ సున్నా కూడా ఒక అక్షరమే. చూపించేటప్పుడు సున్నాలు మళ్లీ తగిలిస్తే సరిపోతుంది కదా అంటారు. ఆ పని ప్రతి రిపోర్టులో, ప్రతి ఎక్స్‌పోర్ట్ ఫైల్‌లో, అవతలి సిస్టమ్‌కు పంపే ప్రతిసారీ గుర్తుపెట్టుకుని చేయాలి. ఒక్కచోట మరిచిపోయినా అక్కడ రికార్డులు జతపడవు. కోడ్‌ల పొడవు ఒకేలా లేకపోతే ఇంకా కష్టం: 12, 012 రెండూ వేర్వేరు కోడ్‌లైతే, ఒకసారి కలిసిపోయాక వాటిని విడదీసే దారి లేదు.

టైప్ ఎంచుకునే ముందు నేను అడిగే ప్రశ్న ఒకటే. ఈ విలువతో ఎప్పుడైనా కూడికో తీసివేతో చేస్తామా? రెండు దేశాల కోడ్‌లు కలిపితే మూడో దేశం రాదు. లెక్క లేనప్పుడు అది టెక్స్టే. ఇవాళ అంకెలే ఉన్నాయి కదా అన్న ధీమా కూడా పనికిరాదు. పుస్తకాలకు ఇచ్చే పదంకెల ఐఎస్‌బీఎన్ నంబర్‌లో, తప్పులు పట్టుకోవడానికి చివర పెట్టే చెక్ అంకె పది అయితే అక్కడ ఎక్స్ అనే అక్షరం వస్తుంది. అలాంటి మొదటి పుస్తకం రాగానే ఇంటిజర్ కాలమ్ దాన్ని తిప్పికొడుతుంది.

పొడవైన కోడ్‌లది మరో బాధ. 32 బిట్ల ఇంటిజర్ 2147483647 దగ్గర ఆగిపోతుంది. అంతకంటే పెద్ద సంఖ్యలు పట్టే బిగ్‌ఇంట్ టైప్‌కు మారినా, ఆ విలువ వెబ్ పేజీల్లో వాడే జావాస్క్రిప్ట్ భాషలో మామూలు నంబర్‌గా చేరితే 9007199254740992 దాటాక ఖచ్చితత్వం పోతుంది. ఎక్సెల్ అయితే 15 అంకెల వరకే నిలుపుకుంటుంది. 16 అంకెల కార్డు నంబర్‌ను సంఖ్యగా తెరిస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది.

ఇంటిజర్‌తో చోటు మిగులుతుందన్న వాదనలో, చిన్న కోడ్‌ల విషయంలో పస లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇంటిజర్‌కు 4 బైట్లు పడితే, మూడక్షరాల టెక్స్ట్‌కూ అంతే.

టెక్స్ట్ అని పెట్టి వదిలేసినా కుదరదు. ఏ విలువలు రావచ్చో డేటాబేసే సరిచూసే చెక్ నియమం లేకపోతే 'ab1', 'AB1', చివర ఖాళీ ఉన్న 'AB1 ' మూడూ వచ్చి కూర్చుంటాయి. పొడవు, అనుమతించే అక్షరాలు, పెద్దవా చిన్నవా అన్నది టేబుల్‌లోనే రాసి పెట్టాలి. డేటా అడిగే క్వెరీలోనూ కోడ్ చుట్టూ కోట్స్ మరవకూడదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో టెక్స్ట్ కాలమ్‌ను కోట్స్ లేని ఉత్త సంఖ్యతో పోలిస్తే, త్వరగా వెతకడానికి పెట్టుకున్న ఇండెక్స్ ఉన్నా వాడుకోదు.

వరుసకు గుర్తుగా డేటాబేసే సొంతంగా ఇచ్చుకునే ఐడీ వేరు. దాన్ని బయట ఎవరూ చదవరు, టైప్ చేయరు. అక్కడ ఇంటిజర్ హాయిగా వాడుకోవచ్చు.

ఇప్పటికే ఇంటిజర్‌గా నడుస్తున్న కాలమ్‌ను మార్చాలంటే ముందు కోడ్‌లన్నీ ఒకే పొడవా అని చూడండి. ఒకే పొడవైతే సున్నాలు తిరిగి చేర్చవచ్చు. కాకపోతే ఆ డేటా మొదట వచ్చిన ఫైళ్లను వెతికి, వాటి నుంచి మళ్లీ లోడ్ చేయాల్సిందే.