సోఫా పట్టినంత కుటుంబం

సంక్రాంతి ముందు ఫైలు తెస్తానని మేడ మీదికి వెళ్లిన బాబాయి ఉగాది దాటినా కిందికి దిగలేదు. రాత్రి భోజనాల వేళ వచ్చే ఒక సీరియల్ సంగతి ఇది. పేరెందుకు, మీ ఇంట్లో నడుస్తున్నదే అనుకోండి. ఉమ్మడి కుటుంబం, ఒకరి కోసం ఒకరు ప్రాణాలిచ్చే మనుషులు. కాఫీలో పంచదార తగ్గితే ఇంటిల్లిపాదీ పంచాయితీకి కూర్చుంటారు గానీ, మేడ మీద ఒక మనిషి ఉన్నాడో పోయాడో చూసిన పాపాన పోలేదు. కట్టుకున్న భార్యయినా అడగలేదు. పాపం, ఆవిడకు తీరిక లేదు. తోడికోడలి పాలగ్లాసులో ఏదో పొడి కలిపే పనిలో ఉంది.

విచారించగా తేలిందేమిటంటే, బాబాయిగారు ప్రస్తుతం వేరే ఛానెల్లో మరో అమ్మాయికి కన్నతండ్రి. అక్కడ పెళ్లి ఎపిసోడ్లు నడుస్తున్నాయి, ఇక్కడికి డేట్లు కుదరలేదు.

కథ రాసుకుని, దానికి కావలసిన మనుషులను వెతుక్కోవడం పాత పద్ధతి. మన సీరియళ్లవాళ్లు ముందు సోఫా చూస్తారు. అందులో ఆరుగురు పడతారు, వెనకాల మరో ఎనమండుగురు నిలబడతారు. వెరసి పద్నాలుగు. పాత్రల చిత్రణ పూర్తయింది. ఇక పట్టుచీర కట్టినవారు అత్త, నేతచీర కట్టినవారు పెద్దకోడలు, కనుబొమలు ఎగరేసేవారు విలన్. మిగిలినవారు కుటుంబం.

ఇంతమంది ఎందుకని అడిగేవారికి లెక్కలు రావు. మామగారు లేచి, 'ఆస్తంతా చిన్నకోడలి పేరున రాసేశాను' అన్నారు. ఉరిమింది. (నడింట్లోనే ఉరుముతుంది. మనకు గీజరున్నట్టు వాళ్లకు ఉరుముంటుంది.) కెమెరా అత్తగారి ముఖం మీదికి దూకింది. అక్కడి నుంచి పెద్దకొడుకు, వాడి భార్య, ఆడపడుచు, ఆడపడుచు మొగుడు. పుట్టిన దగ్గరనుంచీ చక్రాల కుర్చీలో ఉన్నట్టు కనిపించే నాయనమ్మ కూడా ఉలిక్కిపడింది. ఒక చుట్టు రంగుల్లో, ఒక చుట్టు నలుపు తెలుపుల్లో, ఒక చుట్టు ముఖం ముందుకూ వెనక్కూ ఊగుతూ. మనిషికి మూడు సెకన్లు, మూడు చుట్లు, పద్నాలుగు ముఖాలు: 126 సెకన్లు. ప్రకటనలు పోగా అరగంటలో కథకు మిగిలేదే ఇంచుమించు 22 నిమిషాలు. రచయిత రాసింది ఒక్క వాక్యం, నిర్మాతకు దక్కింది రెండు నిమిషాల పైమాట. వారానికి ఆరు రోజులు ఎపిసోడ్ అందించాల్సినవాడు పాత్రకు గతం, స్వభావం, ఆశ వెతుకుతూ కూర్చుంటాడా? ముఖం ఉంటే చాలు, తిప్పుకోవచ్చు.

ఆ ముఖమూ శాశ్వతం కాదు. ఒక సాయంత్రం తెర కింద 'ఇకపై ఈ పాత్రలో' అని అక్షరాలు పరుగెడతాయి, పాత మనిషి పోయి కొత్త మనిషి వస్తుంది. ఎత్తు మారింది, గొంతు మాత్రం మారలేదు, ఎందుకంటే ఇద్దరికీ డబ్బింగ్ చెప్పేది ఒకరే. మొగుడికి తేడా తెలియదు. రేటింగులు వచ్చే ఏ గురువారమైనా అంకె పడిపోతే కవల చెల్లెలు దిగుతుంది, లేదా పక్క సీరియల్ కుటుంబం మొత్తం 'మహాసంగమం' అంటూ వచ్చి ఇదే హాల్లో నిలబడుతుంది. అప్పుడు ముఖాలు 28. లెక్క మీరే వేసుకోండి.

సరే, ఇంతవరకూ నవ్వుకుందాం. ఆ హాల్లో ఒక మూలన ట్రే పట్టుకుని ఒకామె నిలబడి ఉంటుంది చూశారా? పనిమనిషి. ఆస్తి పంచినా ఆవిడ అక్కడే, శవం వచ్చినా అక్కడే. ఆవిడకు ఇల్లుండదు, పిల్లలుండరు, జీతం రోజుండదు, ఒంట్లో బాగోక సెలవు పెట్టిన రోజు అసలే ఉండదు. పొద్దున్నే నాలుగిళ్లు తుడిచి, సాయంత్రం తన ఇంట్లో పొయ్యి వెలిగించి, ఈ సీరియలే చూసే ఆడవాళ్లు ఎన్ని వేలమంది ఉన్నారో రాసేవాళ్లకు తెలియదా? కార్ల తాళాలు తిప్పడం తప్ప ఏ పనీ చేయని పద్నాలుగు మందికి పేర్లూ పుట్టినరోజులూ పెట్టారు. ఆ ఇంట్లో నిజంగా పని చేస్తున్న ఒకే ఒక్క మనిషికి రెండు మాటలు రాయడానికి చేతులు రాలేదు. ఇది బద్ధకం కాదు, చిన్నచూపు. సిగ్గుండాలి.

చూసేవాళ్లు ఒప్పుకోరని మాత్రం చెప్పకండి. 'అమృతం' అనే హాస్య సీరియల్లో బోణీకి కూడా గతిలేని హోటల్లో పనిచేసే సర్వం, యజమానులతో సమానంగా నవ్వించాడు. 'కార్తీకదీపం' సీరియల్ డాక్టరుగారు ఒక్క డీఎన్ఏ పరీక్షతో తేల్చుకోవాల్సిన, భార్య మీది అనుమానాన్ని ఏళ్ల తరబడి మోసినా జనం భరించింది, వంట చేసి బతికిన ఆ ఇల్లాలి కోసమే. రెండు రాష్ట్రాలూ ఆమెను వంటలక్క అనే పిలిచాయి, డాక్టరుగారి భార్య అని కాదు.

కాబట్టి రచయితలకు మనవి. బాబాయిని మేడ మీదే ఉంచుకోండి, మాకేమీ తొందర లేదు. ఆ ట్రే పట్టుకున్న మనిషికి మాత్రం ఒక ఇల్లు రాయండి. సెట్టు వేయడానికి డబ్బుల్లేవంటారా? విలన్ అత్తగారు నిద్రలో కూడా తీయని ఆ వడ్డాణానికి ఒక వారం అద్దె మానేయండి, సరిపోతుంది.