సవరణ: మొగలి పిలక గురించి

పెరట్లో తడి ఆరని చోట మొగలి నాటమని గత వారం రాశాను. అందులో రెండు విషయాలు సరిదిద్దాలి.

‘ఏ మొక్క నాటినా పూస్తుంది, గుబాళిస్తుంది’ అన్నాను. అది తప్పు. మొగలిలో ఆడ, మగ చెట్లు వేరు. మనం జడలో తురుముకునే, చీరల పెట్టెలో దాచుకునే రేకులు మగ పొత్తివి. లేత పసుపు రేకులు విప్పితే లోపల పుప్పొడి రాలే కంకులు ఉంటాయి. ఆడ చెట్టుకు అనాసపండు లాంటి కాయ వస్తుంది, ఆ సువాసన రాదు. విత్తనంతో మొలిచిన మొక్క ఏదవుతుందో పూసేదాకా తెలియదు. అందుకే, పొత్తి వేయడం మీరు కళ్లారా చూసిన చెట్టు నుంచే పిలక తీసుకోండి. నా మాట నమ్మి కాయ నుంచి మొలకెత్తించినవారు ఉంటే మన్నించండి. ఏళ్ల తరబడి ఎదురుచూపు చిన్న విషయం కాదు.

రెండోది, ‘నీళ్లు నిలిచే గుంటలో పెట్టండి’ అన్న మాట. కాలువ గట్ల మీద మొగలి పొదలను గమనించండి: తేమ ఉంటుంది కానీ నీరు కదిలిపోతుంది. లేత పిలక మొదలు దగ్గర మురుగు నిలిస్తే కుళ్లిపోతుంది. ఇసుక కలిపి కాస్త మెరక చేసి నాటండి. ఊడలు నేలను పట్టుకున్నాక తడిని బాగా తట్టుకుంటుంది.

ఆకు అంచులకే కాక వెనుక నడిమి ఈనెకూ ముళ్లుంటాయి. పిల్లలు తిరిగే దారి పక్కన మాత్రం వద్దు.