మోగని నంబర్ల డైరెక్టరీ ఎవరి కోసం?

పోయిన ఏడాది జూన్‌లో పత్తి, మిర్చి చేలల్లో కూలికి పోయే ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని మా షాపుకొచ్చాడు. మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచలో నాది జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాల షాపు. పదకొండేళ్లుగా ఇదే పని. అమ్మాయి డిగ్రీ పాసైంది. మెమోలో తండ్రి పేరు తప్పు పడింది. బీఎడ్ అడ్మిషన్ లోపు దాన్ని సరిచేయించుకోవాలి. "అన్నా, యూనివర్సిటీ వెబ్‌సైట్‌ల నంబరు చూసి పెట్టవా, మేం మాట్లాడుకుంటం" అంది. అంతకుమించి ఏమీ అడగలేదు.

డైరెక్టరీ తెరిచాను. తొమ్మిది నంబర్లు దొరికాయి. నాలుగు అసలు మనుగడలోనే లేవు. రెండు ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. ఒకటి ఎక్స్‌టెన్షన్ నంబరు, దానికి ముందు కొట్టాల్సిన నంబరు ఎక్కడా రాయలేదు. ఎనిమిదోది ఎత్తిన పెద్దమనిషి తాను రిటైరై మూడేళ్లయిందని, ఇప్పటికీ రోజూ ఫోన్లు వస్తూనే ఉన్నాయని మర్యాదగానే చెప్పాడు. తొమ్మిదో ఆయన తాను వేరే సెక్షన్‌కు మారానన్నాడు, ఇప్పుడా సీట్లో ఎవరున్నారో తనకు తెలియదన్నాడు. "తమ్ముడూ, ఇగ ఎవ్వరు లేపుతలేరు, పోయొస్తం తీయ్" అని తండ్రి లేచాడు.

పోయారు. రెండు బస్సులు, ఒక రైలు. ఒక రాత్రి లాడ్జి. తిండి, చార్జీలు కలిపి 3,400 రూపాయలు, ఇద్దరి కూలి పోయింది అదనం. అక్కడికి వెళ్తే తెలిసింది ఏమిటంటే, ఆ సెక్షన్ వేరే భవనంలోకి మారింది. ఇంకా ఘోరం, ఆ దరఖాస్తు ఈమెయిల్‌లో పంపినా తీసుకుంటారట. ఈమెయిల్ అడ్రసు కౌంటర్ అద్దానికి కాగితం మీద అంటించి ఉంది. వెబ్‌సైట్‌లో లేదు. సరిచేసిన మెమో సెప్టెంబర్‌లో పోస్టులో వచ్చింది. అప్పటికి బీఎడ్ సీట్లు అయిపోయాయి. ఆ అమ్మాయికి ఒక ఏడాది పోయింది.

ఆ యూనివర్సిటీ పేరు చెప్పను, ఏ రాష్ట్రంలోదో కూడా చెప్పను. ఒక్క చోటు మీద కోపంతో రాస్తున్న పోస్టు కాదిది. ఈ పదకొండేళ్లలో మూడు నాలుగు రాష్ట్రాల యూనివర్సిటీల డైరెక్టరీలు తెరిచాను, మా పిల్లలు అన్ని చోట్లా చదువుతారు కాబట్టి. దాదాపు అన్నింటిదీ ఒకే తీరు. మొదట ఛాన్సలర్ ఫోటో, తర్వాత వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్లు, విభాగాధిపతులు. కుర్చీ ఎత్తును బట్టి వరస. మా దగ్గరికొచ్చే పిల్లకు వైస్ ఛాన్సలర్‌తో పనిలేదు. మెమో దిద్దే గుమాస్తాతో పని, మైగ్రేషన్ సర్టిఫికెట్ ఇచ్చే కౌంటర్‌తో పని, రీవాల్యుయేషన్ ఫీజు కట్టినా రసీదు రాకపోతే అడగాల్సిన మనిషితో పని. ఆ గుమాస్తా, ఆ కౌంటర్, ఆ మనిషి డైరెక్టరీలో చిట్టచివర ఉంటారు, లేదా అసలే ఉండరు. యూనివర్సిటీ తన హోదాలను చూసుకుంటూ రాసుకున్న జాబితా అది. పని కోసం వచ్చేవాడి వైపు నుంచి ఒక్కసారైనా చూసి రాసి ఉంటే "మెమోలో తప్పు దిద్దడానికి ఈ నంబరు, డిగ్రీ పట్టాకు ఈ నంబరు, పాత రికార్డులకు ఈ నంబరు" అని ఉండేది.

ఊళ్లోనే యూనివర్సిటీ ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించొచ్చు. స్కూటర్ వేసుకుని వెళ్లి అడిగొస్తారు. మా సంగతి వేరు. సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైమాటే. మధ్యలో అడవి, ఆలాపల్లి దాకా రోడ్డు వానాకాలంలో ఎలా ఉంటుందో ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర ఆర్టీసీ బస్సు, ఎక్కినవాళ్లను అడగండి. నాగపూర్ ఇంకా దూరం. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, అక్కడి నుంచి తెలంగాణ. ఆస్పత్రికీ, పెళ్లి బట్టలకూ, చదువుకూ అటు పోయేవాళ్లే ఎక్కువ. అందుకే ఒకే ఇంట్లో అన్న పట్టా నాగపూర్‌ది, తమ్ముడిది గడ్చిరోలిది, చెల్లెది వరంగల్‌ది అయి ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గడ్చిరోలిలో గోండ్వానా విశ్వవిద్యాలయం 2011లో వచ్చింది. అంతకుముందు గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల కాలేజీలు 1923లో పెట్టిన నాగపూర్ విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. దానికే 2005లో రాష్ట్రసంత్ తుకడోజీ మహారాజ్ పేరు పెట్టారు. కాబట్టి 2008లో డిగ్రీ అయినవాళ్లు గడ్చిరోలి డైరెక్టరీలో వెతికితే ప్రయోజనం ఉండదు. మెమో మీద ఏ యూనివర్సిటీ ముద్ర ఉందో ముందు చూసుకోవాలి. పాత విద్యార్థులు ఏ రికార్డుకు ఎవరిని అడగాలో చెప్పే రెండు లైన్లు డైరెక్టరీ మొదట్లో ఉంటే ఎంతమందికి ఎన్ని బస్సు చార్జీలు మిగులుతాయో ఆలోచించండి.

భాష గురించి కూడా చెప్పాలి. తెలుగులో మనం కులపతి అంటే ఛాన్సలర్, ఉపకులపతి అంటే వీసీ. మరాఠీలోనూ ఛాన్సలర్‌ను కులపతే అంటారు గానీ వీసీ మాత్రం కులగురు, రిజిస్ట్రార్ కులసచివ. పరీక్షల విభాగం పేరేమో 'పరీక్షా వ మూల్యమాపన్ మండళ్'. మరాఠీ మీడియంలో చదివిన పిల్లకు ఇవి తెలుసు. ఇంట్లో తెలుగే మాట్లాడే తండ్రికి, వరంగల్‌లో చదివి ఇక్కడికి కోడలిగా వచ్చిన అమ్మాయికి ఎలా తెలుస్తాయి? మరాఠీదీ హిందీ లిపే కాబట్టి ఆ అమ్మాయి బోర్డు మీది అక్షరాలు చదవగలదు, తన పని ఏ బోర్డు కింద అవుతుందో మాత్రం తెలియదు.

పేర్ల తంటా ఇంకా పెద్దది. మహారాష్ట్ర ఫారాల్లో ఆడ్‌నావ్, అంటే ఇంటిపేరు, ముందు, తర్వాత సొంత పేరు, ఆపైన తండ్రి పేరు. తెలంగాణలో ఇంటిపేరును ఒక అక్షరంగా కుదించి ముందు పెడతారు. కొన్ని వెబ్‌సైట్లు ఇంటిపేరును చివరికి తోస్తాయి. దుర్గం అనే ఇంటిపేరున్న మనిషి ఒకచోట దుర్గం కింద, ఒకచోట డీ అక్షరంతో, ఇంకోచోట సొంత పేరు కింద కనిపిస్తాడు. వెతికే పెట్టెలు చాలావరకు అక్షరం అక్షరం కలిస్తేనే చూపిస్తాయి. మనం వెంకటేశ్ అనే పేరును మరాఠీవాళ్లు వ్యంకటేశ్ అని రాస్తారు. ఇంగ్లిష్‌లో వీ పక్కన ఈ కొడితే ఆయన దొరకడు, వై కొట్టాలి. ఇది తెలియక "ఆ సారు అక్కడ లేడంట" అని వెనక్కి పోయినవాళ్లను చూశాను. ఆ సారు అక్కడే ఉన్నాడు.

ఇదంతా యూనివర్సిటీల దయాదాక్షిణ్యం మీద ఉన్న విషయం కాదు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) సెక్షన్ 4 చదవండి. ప్రతి ప్రభుత్వ సంస్థ తన అధికారులు, ఉద్యోగుల డైరెక్టరీని ఎవరూ అడగకముందే ప్రచురించాలి. చట్టం వచ్చిన 120 రోజుల్లో ఆ పని జరగాలి. ఆ తర్వాత ఏటా సరిచేస్తూ ఉండాలి. ఏటా! అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. సమాచారం ఇచ్చేటప్పుడు స్థానిక భాషను, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకోవాలని. సిరొంచ తాలూకాలో స్థానిక భాష ఏమిటో సంతకు వచ్చి పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. తెలుగులో ఒక్క పేజీ పెట్టమని అడిగితే గొంతెమ్మ కోరిక అన్నట్టు చూస్తారు. చట్టం ఇరవై ఏళ్ల కిందటే ఆ మాట చెప్పింది.

కొన్నాళ్లుగా ఒక జవాబు వింటున్నాను. "పర్సనల్ డేటా చట్టం వచ్చింది, అందుకే నంబర్లు తీసేశాం." ఇందులో సగం న్యాయం ఉంది, అది ఒప్పుకుంటాను. మహిళా లెక్చరర్ల సెల్ నంబర్లు వెబ్‌సైట్లో పెడితే రాత్రి పదకొండుకు కూడా పనికిమాలిన మెసేజ్‌లు వస్తాయి. మా షాపుకొచ్చే ఒక టీచరమ్మ ఆ బాధ భరించలేక సిమ్ మార్చింది. ఎవరి సొంత ఫోన్ నంబరూ అక్కడ ఉండక్కర్లేదు. కానీ పరీక్షల సెక్షన్ బల్ల మీది ఫోను ఎవరి సొంతం? 2023 నాటి ఆ డేటా చట్టంలోనే, వేరే చట్టం ప్రకారం బయటపెట్టి తీరాల్సిన వివరాలకు అది వర్తించదని రాసి ఉంది. ఆఫీసుకో నంబరు, పదవికో ఈమెయిల్ పెట్టండి. మనిషి మారినా పదవి మారదు, ఈమెయిల్ చచ్చిపోదు. వ్యక్తి పేరు మీద ఉచిత ఈమెయిల్ తెరిచి ఆఫీసు అడ్రసుగా ఇస్తే, ఆయన బదిలీ అయిన రోజు నుంచి మా పిల్లల దరఖాస్తులన్నీ ఎవరూ తెరవని పెట్టెలో పడుతున్నాయి.

నంబరు దొరకనప్పుడు జనం ఏం చేస్తారు? గూగుల్‌లో కొడతారు. అక్కడ దొరికేవాటిలో దొంగ నంబర్లు ఉంటాయి. "సర్టిఫికెట్ మేం ఇప్పిస్తాం, ముందు 1,500 పంపండి" అంటారు. మా ఊళ్లోనే ఇద్దరు అలా డబ్బు పోగొట్టుకున్నారు. డైరెక్టరీ పనిచేయని చోట ఆ ఖాళీలోకి దళారి వచ్చి కూర్చుంటాడు. ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే విషయం. డబ్బు పోయినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సిగ్గుపడి ఊరుకోవద్దు.

మన పిల్లలకు నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్తాను. ముందు వెబ్‌సైట్ అడ్రసు చివర చూడండి. ఏసీ డాట్ ఇన్ గానీ ఈడీయూ డాట్ ఇన్ గానీ ఉంటే అది గుర్తింపు ఉన్న విద్యాసంస్థలకు ఎర్నెట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ ద్వారా ఇచ్చే అడ్రసు, ఎవడుపడితే వాడు కొనుక్కోలేడు. మనిషి పేరుతో కాకుండా సెక్షన్ పేరుతో వెతకండి. పేరుతోనే వెతకాల్సి వస్తే మూడు నాలుగు అక్షరాలే కొట్టి చూడండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అందులో వెతుకుడు పనిచేయదు, ఓపిగ్గా కళ్లతోనే చూడాలి.

డైరెక్టరీ పేజీ పాడై ఉంటే వెబ్‌సైట్‌లో అడుగున ఆర్టీఐ అని ఉంటుంది, అది నొక్కండి. ప్రజా సమాచార అధికారి పేరు, హోదా, వివరాలు అక్కడ పెట్టాలని చట్టం. నాకు చాలాసార్లు పనిచేసే నంబరు ఆ పేజీలోనే దొరికింది. ఫోన్ కలిస్తే నంబరు ఎత్తినవారి సెక్షన్ అడిగి రాసుకోండి. ఈమెయిల్ పంపితే పై లైన్‌లోనే హాల్ టికెట్ నంబరు, కోర్సు, పాసైన ఏడాది, కావలసిన పని రాయండి. "సార్ ప్లీజ్ హెల్ప్" అని ఒక్క ముక్క రాస్తే వాళ్లకేం అర్థమవుతుంది పాపం.

దేనికీ జవాబు రాకపోతే ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. మహారాష్ట్రలో అయితే ఒకే విషయం మీద, 150 పదాల లోపు రాయాలి. ఇంగ్లిష్, హిందీ, లేదా అక్కడి అధికార భాషలో రాయాలి కాబట్టి మహారాష్ట్రలో తెలుగులో కుదరదు. రాయలేనివాళ్లు నోటితో చెబితే దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయం చేయాల్సిన బాధ్యత ఆ అధికారిదే. ఇది కూడా చట్టంలో ఉంది. లేదంటే మా షాపుకు రండి, మరాఠీలో నేను రాసిపెడతాను.

యూనివర్సిటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఈ పోస్టు చదువుతుంటే కోపం తెచ్చుకోకండి. రిజల్ట్స్ రోజుల్లో ఇద్దరే ఉన్న సెక్షన్‌కు ఎన్ని ఫోన్లు వస్తాయో నేను ఊహించగలను. ఎత్తలేకపోవడం వేరు, లేని నంబరును ఏళ్ల తరబడి పేజీలో ఉంచడం వేరు. రేపు ఆఫీసుకు వెళ్లగానే మీ డైరెక్టరీలో ఉన్న మీ సెక్షన్ నంబరుకు మీ సెల్ నుంచి ఒకసారి ఫోన్ చేయండి. మోగితే సరే. మోగకపోతే వెబ్‌సైట్ చూసేవాళ్లకు ఒక కాగితం రాసి పంపండి. పేజీ కింద "ఫలానా తేదీన సరిచూశాం" అని ఒక లైన్ వేయించండి.

నేను జూలై నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. ఐదు యూనివర్సిటీల సెక్షన్ నంబర్లు, పనుల వారీగా, తెలుగులో రాసి ఉన్నాయి. ప్రతి నంబరు పక్కన నేను ఫోన్ చేసి చూసిన తేదీ, ఎత్తారా లేదా, ఏ భాషలో మాట్లాడారు అనేది కూడా రాస్తున్నాను. నెలకోసారి మళ్లీ చేసి చూస్తున్నాను. అహేరి, ఆలాపల్లి, ఏటపల్లి వైపు వాళ్లు ఎవరైనా సిరొంచ వచ్చినప్పుడు ఫోటో తీసుకుని పోవచ్చు, డబ్బులేం వద్దు. మొన్న ఆదివారం ఆ అమ్మాయి వచ్చి అందులో ఇంకో రెండు నంబర్లు రాసి వెళ్లింది. పోయిన ఏడాది ఆ కౌంటర్ అద్దం మీద చూసి చేతి మీద రాసుకున్నవట.