నోటి మంటకు హోమియో గుళికలు: ముందు తేలాల్సింది రోగం పేరు

బుగ్గ లోపల వల అల్లినట్టు తెల్లటి గీతలు. కారం తగిలితే ప్రాణం పోయేంత మంట. ఒక నెల తగ్గి, మరో నెల తిరగబెట్టే పుండ్లు. లైకెన్ ప్లానస్ అనే నోటి జబ్బు సాధారణంగా ఇలాగే కనిపిస్తుంది. ఒంట్లో రక్షణ కోసం ఉండే టి-కణాలు నోటి పొర మీదే దాడి చేయడంతో వచ్చే దీర్ఘకాలిక వాపు ఇది. అంటుకోదు. నడివయసు ఆడవాళ్లలో ఎక్కువ. దీన్ని శాశ్వతంగా పోగొట్టే మందు ఏ వైద్యంలోనూ లేదు, అదుపులో పెట్టే మందులు మాత్రం ఉన్నాయి. ఏళ్లు గడిచేకొద్దీ నూటికి ఒకరిలో క్యాన్సర్‌గా మారవచ్చన్నది వైద్యుల అంచనా. అందుకే దీన్ని క్యాన్సర్‌కు దారితీయగల జబ్బుల జాబితాలో పెట్టారు.

దీనికి హోమియో వాడేవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తక్కువేం కాదు. స్టెరాయిడ్ అంటే భయం, ముక్క పరీక్ష (బయాప్సీ) అంటే అంతకన్నా భయం. హోమియో డాక్టరు ఓపిగ్గా కూర్చోబెట్టి అన్నీ అడుగుతారు, ఖర్చూ తక్కువ. ఈ కారణాల్లో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. మా అభ్యంతరమల్లా, నోట్లో ఉన్నది ఏ జబ్బో తేలకుండానే నెలల తరబడి గుళికలు వాడడం మీద.

ఈ అభ్యంతరం ఏ జిల్లాలోనైనా చెల్లుతుంది. మన దగ్గర దీనికి ఇంకో బలమైన కారణం ఉంది, అడ్డపొగ. చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే ఈ అలవాటు మన పల్లెల్లో, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో, తరాలుగా ఉంది. డెన్మార్క్, భారత్ పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో పదివేల మందికి పైగా గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, అడ్డపొగ అంగిలిని ఏం చేస్తుందో 1971లోనే ప్రచురించారు. వేడికీ పొగకూ అంగిలి తెల్లగా మందమెక్కుతుంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు తేలతాయి. ఆ చుక్కలు లాలాజలం ఊరే చిన్న గ్రంథుల నోళ్లు. మామూలుగా చుట్ట కాల్చేవారి అంగిలిలో ఇలాంటి తెలుపు కనిపిస్తే, అలవాటు మానగానే చాలావరకు పోతుంది. అడ్డపొగ వాళ్లలో అంత తేలిగ్గా తీసుకోకూడదు. తెలుపు మధ్యలో ఎర్ర మచ్చ గానీ, పుండు గానీ ఏర్పడితే ముక్క తీసి చూడాల్సిందే.

లైకెన్ ప్లానస్‌కూ ఇలాంటి ఇతర మచ్చలకూ తేడా కొంతవరకు కంటితోనే తెలుస్తుంది. లైకెన్ ప్లానస్ దాదాపు ఎప్పుడూ రెండు బుగ్గల్లోనూ ఉంటుంది. ఒక పక్కే తెల్ల మచ్చ, అదీ ఖైనీ గానీ వక్క గానీ దాచుకునే చోటే ఉంటే అనుమానించాలి. తడి గుడ్డతో తుడిస్తే తెలుపు ఊడి వచ్చేస్తే అది బూజు ఇన్‌ఫెక్షన్ కావచ్చు. పుండు పక్కనే పాత వెండి సిమెంటు నింపిన పన్ను ఉంటే, ఆ సిమెంటు తగిలి, అది పడక పొర అలా మారిందేమో చూడాలి. కొన్ని బీపీ, షుగరు, కీళ్లనొప్పుల మాత్రలు కూడా అచ్చం ఇలాంటి మచ్చలే తెస్తాయి. కాబట్టి వాడుతున్న మందుల చీటీలన్నీ డాక్టరు ముందు పెట్టాలి. పెంఫిగస్ అనే ఇంకో జబ్బు ఉంది. అది ఒంటి మీద బొబ్బలు రావడానికి చాలా ముందే నోట్లో పుండ్లుగా మొదలవుతుంది, వైద్యం ఆలస్యమైతే ప్రాణాంతకం. ఇన్ని జబ్బులనూ ‘నోటి పూత’ అనే ఒక్క మాటతో సరిపెట్టి గుళికలిస్తే, నష్టపోయేది రోగి.

మరి గుళికలతో తగ్గిందని చెప్పేవాళ్ల మాట? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే తగ్గుతుంది. లైకెన్ ప్లానస్ తనంతట తానే హెచ్చుతూ తగ్గుతూ ఉండే జబ్బు. మంట భరించలేనంత పెరిగినప్పుడే ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆ తర్వాత ఎలాగూ తగ్గాల్సిన మంట తగ్గుతుంది, పేరు అప్పుడు చేతిలో ఉన్న మందుకు వస్తుంది. దీనికి తోడు హోమియో పథ్యం. కాఫీ వద్దు, పచ్చి ఉల్లి వద్దు, పొగాకు వద్దు, మందు వేసుకునే ముందూ తర్వాతా అరగంట నోట్లో ఏమీ పెట్టొద్దు అంటారు. ఆవకాయ, పచ్చిమిరప, వేడి వేడి పులుసు మానేసి, చల్లారిన చోడి అంబలి, పెరుగన్నం మీద నెల్లాళ్లుంటే ఏ గుళికా లేకుండానే సగం మంట పోతుంది. ఆ పథ్యం మంచిదే, మందు ఏదైనా పాటించదగ్గదే.

మందు సంగతి వేరు. 30సి అని రాసిన సీసాలోకి మందు వచ్చే తీరు ఇది. ఒక వంతు మందును 99 వంతుల ద్రావకంలో కలిపి కుదుపుతారు. అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ 99 వంతుల్లో కలుపుతారు. ఇలా 30 సార్లు. పన్నెండోసారి దాటాక అసలు పదార్థం ఒక్క అణువైనా మిగిలే అవకాశం ఉండదని రసాయన శాస్త్రం లెక్క. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య పరిశోధన మండలి 2015లో అధ్యయనాలన్నీ వడబోసి, హోమియో పనిచేస్తుందని నమ్మదగ్గ ఆధారం ఏ ఒక్క జబ్బులోనూ లేదని తేల్చింది. లైకెన్ ప్లానస్ మీద 2009లో ఇరాన్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. ఇగ్నేషియా అనే హోమియో మందు 30సి ఇస్తే పుండ్లు, నొప్పి తగ్గాయని అందులో రాశారు. ఆ అధ్యయనంలో ఉన్నది 30 మంది రోగులు. హెచ్చుతగ్గులున్న జబ్బులో అంత తక్కువ మందిని చూసి మందు గుణం తేల్చలేం.

తక్కువ పొటెన్సీల, అంటే తక్కువసార్లు పలచన చేసిన మందుల, విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. నోటి పుండ్లకు హోమియోలో తరచుగా వాడే మెర్క్ సాల్ పాదరసంతో చేసింది. 3ఎక్స్ అంటే వెయ్యింట ఒక వంతు, అంటే 100 మిల్లీగ్రాముల మాత్రలో 0.1 మిల్లీగ్రాము పాదరస పదార్థం నిజంగానే ఉంటుంది. రోజుకు నాలుగైదు మాత్రల చొప్పున నెలల తరబడి మింగితే అది చిన్న విషయం కాదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి ఉద్దానం మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఇంటింటి సమస్య. అక్కడివాళ్లు సీసా మీద పేరూ పొటెన్సీ రాసి లేని మందును అసలు ముట్టుకోకూడదు. నోటి నొప్పికని మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని మింగడం కూడా వాళ్ల కిడ్నీలకు అంతే చేటు. సారం మందులు అని ఇచ్చే మదర్ టింక్చర్లలో ఆల్కహాల్ ఉంటుంది, నీళ్లు కలపకుండా పుండు మీద వేస్తే మంట రెట్టింపవుతుంది.

ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం మన ఊళ్లలో గట్టిగా నాటుకుపోయింది. అది నిజం కాదు. మత్తు సూది వేసి అర సెంటీమీటరు ముక్క తీస్తారు, ఒకటో రెండో కుట్లు పడతాయి, ఒకటి రెండు వారాల్లో మానిపోతుంది. పొరపాట్లు జరిగేది వేరే చోట. పుండు నడిమధ్య నుంచి ముక్క తీస్తే చచ్చిన కణాలు తప్ప ఏమీ దొరకవు, పుండు అంచూ పక్కనున్న మంచి పొరా కలిపి తీయాలి. వారాల తరబడి స్టెరాయిడ్ పూత రాసుకుని వెళ్తే అసలు రూపం మసకబారుతుంది. పెంఫిగస్ అనుమానం ఉంటే రెండో ముక్క కావాలి, దాన్ని ముక్క పాడవకుండా వాడే ఫార్మలిన్ ద్రవంలో వేయకూడదు. వేస్తే పొరకు అంటుకున్న యాంటీబాడీలను మెరిసేలా చేసి చూసే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకు అది పనికిరాదు. ఈ మాట ముందే చెప్పకపోతే రోగి రెండోసారి కత్తికి ఒప్పుకోవాల్సి వస్తుంది. ముక్కతో పంపే చీటీలో ఏ చోటి నుంచి తీశారో, అడ్డపొగ అలవాటు ఎన్నేళ్లుగా ఉందో తప్పక రాయాలి.

లైకెన్ ప్లానస్ అని తేలి, మంట లేకుండా తెల్ల గీతలు మాత్రమే ఉంటే మందే అక్కర్లేదు. చిగుళ్ల గార తీయించి, పదునుగా గుచ్చుకునే పన్ను నునుపు చేయించుకుంటే చాలు. పుండ్లుంటే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ 0.1 శాతం నోటి పేస్టు రాస్తారు. అది పనిచేయలేదని చాలామంది వదిలేసేది రాసుకునే పద్ధతి తెలియకే. భోజనం అయ్యాక, పడుకునే ముందు నోరు పుక్కిలించి, శుభ్రమైన గుడ్డతో పుండు చోటు తడి ఆరేలా అద్దాలి. తడి మీద పేస్టు నిలవదు. కొద్దిగా వేలి కొసన తీసుకుని మెల్లగా అదమాలి, రుద్దితే ఉండలు కట్టి ఊడిపోతుంది. తర్వాత అరగంట నీళ్లు కూడా తాగకూడదు. నోరంతా పుండ్లయితే బీటామెథసోన్ అనే ఇంకో స్టెరాయిడ్ 0.5 మిల్లీగ్రాముల మాత్రను 10 నుంచి 20 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి, మూడు నాలుగు నిమిషాలు పుక్కిట పట్టి ఉమ్మేయమంటారు. మింగకూడదు. మింగితే మనం భయపడే స్టెరాయిడ్ ప్రభావం ఒంటికి ఎక్కేది అప్పుడే. ఈ మందులతో నోట్లో బూజు పట్టవచ్చు, దానికి క్లోట్రిమజోల్ చుక్కలున్నాయి. ఇవన్నీ డాక్టరు చీటీ మీదే వాడాలి.

హోమియో డాక్టర్లు ఈ పనికి అడ్డు కాదు, తలచుకుంటే ముందు వరసలో నిలబడగలరు. శరీర నిర్మాణం, రోగ విజ్ఞానం చదివి పట్టా తీసుకున్నవాళ్లు వాళ్లు. పల్లె మనిషి నోరు మొదట చూసేది చాలాసార్లు వాళ్లే. టార్చి, రెండు నోటి అద్దాలు, వచ్చిన ప్రతిసారీ ఫోన్‌తో ఒక ఫొటో ఉంటే సరిపోతుంది. రెండు వారాలైనా మానని పుండు, ఎర్ర మచ్చ, చేతికి గట్టిగా తగిలే అంచు, మెడలో గడ్డ, మూడు వేళ్లు పట్టనంతగా బిగిసిన నోరు, వీటిలో ఏది కనిపించినా పొటెన్సీ మార్చి ఇంకో నెల చూడకుండా దంత వైద్యుడికి చీటీ రాసి పంపాలి. జబ్బు తేలాక రోగి గుళికలు కూడా వేసుకుంటానంటే వేసుకోనివ్వండి. ఆరునెలలకోసారి నోటి పరీక్ష మాత్రం ఆగకూడదు.

ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30 ఏళ్లు దాటినవారికి ఐదేళ్లకోసారి నోటి పరీక్ష చేయాలి. అడ్డపొగ అలవాటున్న ఊళ్లలో ఐదేళ్లు చాలా ఎక్కువ. అక్కడ ఏటా చేయాలి, చేసేటప్పుడు పైదవడ కట్టుడు పళ్లు తీయించి మరీ చూడాలి. అంగిలిని పూర్తిగా కప్పేసేది ఆ సెట్టే.