వాడకుండా సమీక్షించుట ఎలా?

కడపలో కూర్చుని తెలుగు గ్రంథాలను పరిష్కరింపజేసిన సి.పి. బ్రౌన్ దొర ఒక ఘోరమైన పొరపాటు చేశాడని మా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. ఆయన పండితులను పిలిపించి, సొంత సొమ్ముతో జీతాలిచ్చి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నింటినీ పక్కపక్కన పెట్టించి చదివించాడు. జీతం పుచ్చుకున్నవాడు చదవక తప్పదు గదా! ఎవరైనా వాడుకుని, లోపలి కోడును చూసి మార్చుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లపై తెలుగులో సమీక్షలు రాయించే భారాన్ని తలకెత్తుకున్న మేము అటువంటి మోటు పద్ధతికి పాల్పడలేదు. మా సమీక్షకులందరూ స్వచ్ఛంద సేవకులు. కనుక వారిని గడువు అడగడం అమర్యాద. సాఫ్ట్‌వేర్‌ను వాడి చూశారా అని అడగడం అంతకన్నా అమర్యాద.

తొలి రెండు ఆదివారాలు ఏడు రోడ్ల దగ్గరి హోటల్లో, కారం దోశల సాక్షిగా, ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను తెలుగులో ఏమని పిలవాలన్న దాని మీదనే చర్చ జరిగింది. ఇంగ్లీషులో స్వేచ్ఛకూ ఉచితానికీ ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటే ఉండడంతో, ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ తయారీకని 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఆ తేడాను వివరించడానికే దశాబ్దాలు వెచ్చించవలసి వచ్చింది. తెలుగులో రెండు మాటలూ వేర్వేరుగా ఉన్నాయి గనుక మనకు ఆ చిక్కు లేదు. లేని చిక్కును మేమే కల్పించుకుని, ‘స్వేచ్ఛ’ అంటే రాజకీయం ధ్వనిస్తుందని కొందరూ ‘ఉచితం’ అంటే రేషన్ బియ్యం గుర్తొస్తుందని కొందరూ రెండు వర్గాలుగా చీలి, చివరికి ఎవరి దోశ డబ్బులు వారే చెల్లించి లేచాము.

మూడో సమావేశం నక్షత్రాలది. దానమిచ్చిన ఆవుకు పళ్ళు పట్టి చూడరాదు గనుక అయిదింటిలో నాలుగుకు తగ్గకూడదని ఒక పెద్దాయన ప్రతిపాదించారు. ‘దీనికి ఏ హామీ లేదు’ అన్న సంగతిని ఇటువంటి సాఫ్ట్‌వేర్లు చాలావాటికి వర్తించే జీపీఎల్ లైసెన్సులోనే పెద్ద అక్షరాలతో రాసిపెట్టినప్పుడు, అంతకు మించిన నిజాయితీ గల సమీక్షను మనమేం రాయగలమని మరొకాయన ప్రశ్నించారు. ఆయనను అక్కడికక్కడే ఉపాధ్యక్షులను చేశాము.

ఎట్టకేలకు ఉత్తరాలూ లెక్కలూ చేసుకునే లిబ్రాఫీస్ అనే సాఫ్ట్‌వేర్ 7.6 వెర్షన్‌పై తొలి సమీక్ష అందింది. అచ్చుతప్పులు చూసే ఉపసంఘమూ, అచ్చుతప్పులు చూసే ఉపసంఘాన్ని చూసే ఉపసంఘమూ దాన్ని ఆమోదించేలోపే, 2024 జనవరి ఆఖరున 24.2 విడుదలైంది. మధ్యలో పదహారు అంకెలు దాటిపోయేదాకా నిద్రపోయామన్న సిగ్గుతో సమీక్షకులు రాజీనామా సమర్పించారు. లిబ్రాఫీస్‌వారు సంవత్సరం, నెల అంకెలతో వెర్షన్‌కు పేరు పెట్టే పద్ధతికి మారారని, రాజీనామాను ఆమోదించాక గానీ మాకు తెలియలేదు. (ఆ సమీక్షలో ఒక్క ఫైలునైనా తెరిచిన దాఖలా లేదు గానీ, ‘రంగులు కంటికింపుగా ఉన్నాయి’ అన్న వాక్యం మాత్రం మూడుచోట్ల ఉంది.)

ఈ క్రమశిక్షణకు భంగం కలిగించినవాడు ఒక డీటీపీ కుర్రవాడు. పెండ్లి పత్రికలు చేసుకుంటూ బతికే ఆ అబ్బాయి, ఎవరూ అడగకుండానే, పాత బిల్లు వెనుక మూడే వాక్యాలు రాసి తెచ్చి ఇచ్చాడు: “పత్రిక పాత ఫాంటులో ఉంటే లిబ్రాఫీస్‌లో అట్లే తెరవద్దండి. ఆ ఫాంటు సిస్టంలో లేకపోతే పెండ్లికొడుకు పేరు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చుకొని, క్షలు, జ్ఞలు, వత్తులు ఒకసారి చూసుకోండి.”

ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో తెలుగు రూపాలను ఇంగ్లీషు అక్షరాల గూళ్ళలోనే సర్దేవారు గనుక అతడు చెప్పింది అక్షరాలా నిజం. అయినా నిజమే అర్హత అనుకుంటే సంఘం ఎందుకు? ఉపోద్ఘాతం లేదు, నక్షత్రాలు లేవు, రంగుల ప్రస్తావన అసలే లేదు. పైగా రాసినవాడు ఆ సాఫ్ట్‌వేర్‌ను రోజూ వాడుతున్నాడు. అంటే నిష్పాక్షికత లోపించింది. నిబంధనల ప్రతి ఒకటి జతచేసి ఆ బిల్లును తిప్పి పంపాము.

ఆ బిల్లును అతడు తన మానిటర్ అంచున టేపుతో అంటించుకున్నాడని విన్నాను. మొన్న కూతురి పెండ్లి పత్రిక కోసం ఆ అంగడికి వెళ్ళిన మా ఉపాధ్యక్షులు, ఎవరూ చూడకుండా దానికి ఫోన్‌లో ఒక ఫొటో తీసుకొచ్చుకున్నారట.