కొసరు పిచ్చుక

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు తమ విలువ ఎంతో ఎదుటివాళ్లు చెప్పగా వినడం చిన్నప్పటి నుంచీ అలవాటే. వెనుకబడిన జిల్లాలన్నారు, వలస జిల్లాలన్నారు. సినిమాల్లో అమాయకుడికి మన యాస తగిలించి హాలంతా నవ్వించారు. విశాఖపట్నం కాలేజీలో చేరిన మొదటి నెలలోనే ఆ యాసను గొంతులో అణచుకుని పుస్తకాల తెలుగు పలకడం నేర్చుకున్నవాళ్లు మనలో ఎందరో. సముద్రాలు దాటి అమెరికా వచ్చాక ఇంగ్లిష్ ఉచ్చారణ విషయంలో అదే పని మళ్లీ చేశాం. అందుకే ఇక్కడి బడి గోడల మీద 'నువ్వు ప్రత్యేకం, నిన్ను నువ్వు ప్రేమించుకో' అన్న మాటలు చూస్తే మనసు ఇట్టే కరిగిపోతుంది. మనకు దక్కనిది పిల్లలకైనా దక్కుతుందని ఆశపడతాం. ఆ ఆశ న్యాయమైనదే. కానీ ఆత్మగౌరవం పేరుతో వాళ్ల చేతిలో ఏం పెడుతున్నామో ఒకసారి చూసుకోవాలని క్రైస్తవురాలిగా నా మనవి. ఈ పత్రికను అన్ని మతాలవారూ చదువుతారని తెలిసే ఈ మాట రాస్తున్నాను.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లోనే దీన్ని భాగహారంగా చెప్పాడు: మనిషి సాధించినదాన్ని అతను ఆశించినదానితో భాగిస్తే వచ్చేదే ఆత్మగౌరవం. 1965లో మోరిస్ రోజెన్‌బర్గ్ దాన్ని కొలవడానికి పది వాక్యాల ప్రశ్నావళి తయారుచేశాడు. 1986లో కాలిఫోర్నియా రాష్ట్రం ఆత్మగౌరవాన్ని పెంచే మార్గాలు చూడమని ఏకంగా ఒక ప్రభుత్వ బృందాన్నే నియమించింది. నేరాలకూ, మత్తుమందులకూ, చదువులో వెనుకబాటుకూ ఇదే విరుగుడు కావచ్చని నమ్మింది. 2003లో రాయ్ బామైస్టర్, ఆయన సహచరులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను తిరగేశారు. ఆత్మగౌరవం పెంచినంత మాత్రాన చదువు మెరుగుపడుతుందనడానికి వాళ్లకు ఆధారం దొరకలేదు. సంతోషంగా ఉండటానికీ, చొరవ చూపడానికీ దానితో సంబంధం ఉందని వాళ్లే చెప్పారు. న్యాయంగా ఆ మాట కూడా చెప్పుకోవాలి.

నన్ను కలవరపెట్టేది జేమ్స్ చెప్పిన భాగహారం. మన ప్రవాస జీవితమంతా ఆ లెక్కలోనే నడుస్తోంది. వీసా వచ్చింది, గ్రీన్ కార్డు రాలేదు. ఇల్లు కొన్నాం, పక్కవాళ్లది ఇంకా పెద్దది. అమ్మాయి మంచి కాలేజీలోనే చేరింది, కానీ వాళ్ల అబ్బాయి చేరిన కాలేజీలో కాదు. ఉద్యోగం పోయి, హెచ్1బి ఉద్యోగ వీసా మీద కొత్త పని వెతుక్కోవడానికి 60 రోజుల గడువు మొదలైన మనిషి ఈ లెక్క ప్రకారం ఎంత? అద్దం ముందు నిలబడి తనను తాను ఎన్నిసార్లు మెచ్చుకుంటే ఆ రాత్రి నిద్రపడుతుంది?

ఈ లెక్క మా ప్రార్థన కూడికల్లోకీ వచ్చేసింది. సాక్ష్యం, అంటే దేవుడు తమకు చేసిన మేలు, చెప్పమంటే లేచి నిలబడి కొత్త ఇల్లు, పదోన్నతి, పిల్లల ర్యాంకు వరసగా చెప్పి, ఇవన్నీ ప్రభువు కృప అని ముగిస్తాం. ఆ కృతజ్ఞత నిజమైనదే, కాదనను. కానీ వీసా తిరస్కరించబడినవాడు వెనక వరుసలో కూర్చుని అదంతా వింటుంటాడు. ప్రభువు తనను మరిచిపోయాడా అని లోలోపల కుమిలిపోతుంటాడు. అతన్ని లేపి సాక్ష్యం చెప్పమని మనం ఎప్పుడూ అడగం.

యేసు చెప్పిన పిచ్చుకల మాట నాకు ఇక్కడే గుర్తొస్తుంది. మత్తయి సువార్తలో కాసుకు రెండు పిచ్చుకలు. లూకా సువార్తలో రెండు కాసులకు అయిదు. శ్రీకాకుళం కూరగాయల బజారులో బేరమాడి పెరిగినవాళ్లకు ఆ అయిదోది ఎలా వచ్చిందో విడమరిచి చెప్పనక్కర లేదు. అది కొసరు. కొన్నవాడు దానికి వెల కట్టలేదు, అమ్మినవాడు లెక్క వేయలేదు. వాటిలో ఒక్కటి కూడా దేవుని ఎదుట మరువబడదని యేసు అన్నాడు. నేను నమ్మే విలువ ఇది. సాధించినదాన్ని బట్టి వచ్చింది కాదు గనుక ఓడిపోయినప్పుడు పోయేదీ కాదు. నరుణ్ని దేవుడు తన స్వరూపంలో సృజించాడని ఆదికాండం మొదటి అధ్యాయం చెప్పినప్పుడు ఆ నరుడు ఇంకా ఏ పనీ చేయలేదు.

ఇక దీనత్వం సంగతి. చాలామంది దళితులకు, స్త్రీలకు ఈ మాట చేదుగా ఉండటానికి కారణం ఉంది. తరతరాలుగా ఊరి చివర నిలబెట్టినవాళ్లకే అణకువ నేర్పారు. నోరెత్తని కోడలినే వినయవంతురాలన్నారు. చర్చిలోనూ పెద్దకులం నుంచి వచ్చినవారికి ముందు కుర్చీ వేసి, మిగిలినవారికి దీనత్వం మీద ప్రసంగం వినిపించిన రోజులున్నాయి. క్రైస్తవంలోకి వచ్చిన షెడ్యూల్డు కులాలవారిని ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి వర్గంలో చేర్చి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం వాళ్లకు ఎస్సీ హోదా లేదు. చర్చికి వెళితే మతం మారిందని ప్రభుత్వ కాగితం అంటుంది, ఊరు మాత్రం పాత కులంతోనే పిలుస్తుంది. అటువంటివాళ్లు ఆత్మగౌరవం కోసం పోరాడితే వాళ్లకు వినయం బోధించడం పాపమని నా అభిప్రాయం. తొక్కివేయబడినవాడు తల ఎత్తడం గర్వం కాదు. దేవుడు ఎత్తమన్న తలే అది.

బైబిల్లో ఫిలిప్పీ పత్రిక అనే లేఖలో దిగివచ్చినది ఎవరో చూడండి. దేవుని స్వరూపం కలిగిన యేసు గురించి, తన్ను తానే రిక్తునిగా చేసికొనెను, అంటే తనను తాను ఖాళీ చేసుకున్నాడు, అని ఉంది. దీనత్వం పైనుంచి మొదలైంది. మన ప్రాంతంలో ఆ దారిన నడిచినవాడు పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, పుట్టుకతో దక్కిన గౌరవాన్ని వదిలి, శ్రీకాకుళం మొదలుకొని ఊరూరా సువార్త చెప్పాడు. ఆయన కీర్తనలు ఈ ఆదివారం కూడా మన పల్లె చర్చిల్లో పాడతారు. తనను తాను పొగడుకోవడం వాటిలో ఎక్కడా నాకు కనబడలేదు. తనను తాను అసహ్యించుకుని కూలబడటమూ కనబడలేదు. పాపినని ఒప్పుకున్న గొంతే ప్రియమైన బిడ్డలా చనువుగా పిలుస్తుంది.

దీనత్వం, విలువ రెండూ ఒకే చోట కలిసి ఉండటం నేను కళ్లారా చూసింది సాలూరులో. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, మనవాళ్లకు ఇంకా విజయనగరం జిల్లాయే. అక్కడ లెప్రసీ మిషన్ నడిపే ఫిలదెల్ఫియా ఆసుపత్రిలో కుష్ఠు రోగులు తమ కాళ్లను ఎలా చూసుకోవాలో నేర్పుతారు. ఈ జబ్బు నరాలను దెబ్బతీస్తుంది. ముల్లు దిగినా, చెప్పులో రాయి పడినా తెలియదు, పుండు పడేదాకా నొప్పే ఉండదు. మందులతో క్రిమి చచ్చినా పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. అందుకని రోజూ కాళ్లు నీళ్లలో నానబెట్టాలి, గట్టిపడిన చర్మాన్ని మెల్లగా రుద్దాలి, తడి ఆరకముందే నూనె రాయాలి. ఒక వృద్ధుడి పాదం బేసిన్‌లో ఉంది, రెండు వేళ్లు లేవు. ఎదురుగా కింద కూర్చున్న నర్సు ఆ మడమను అరచేతిలోకి తీసుకుని పగుళ్లను ఒక్కొక్కటే వెలుతురుకు తిప్పి చూసింది. "ఇది నిన్న లేదు కదా తాతా?" అంది. ఆయన వంగి తనూ చూశాడు. తన కాలు అంత శ్రద్ధగా చూడదగినదని ఆ క్షణంలో ఆయనకు ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు.

యోహాను సువార్త 13వ అధ్యాయంలో శిష్యుల పాదాలు కడిగే ముందు ఒక వాక్యం ఉంది. మనం తొందరగా చదివేసి పళ్లెం దగ్గరికి వెళ్లిపోతాం. తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించాడనీ, తాను దేవుని దగ్గర నుంచి వచ్చాడనీ, దేవుని దగ్గరికే వెళ్లవలసి ఉందనీ ఎరిగి యేసు భోజనం దగ్గర నుంచి లేచాడు. తానెవరో ముందు తెలుసు, ఆ తర్వాతే నడుముకు తువాలు. తన విలువ మీద అనుమానం ఉన్నవాడు వంగలేడు. వంగితే ఎక్కడ చిన్నబోతానో అని భయం. మన పిల్లలకు ఆ మొదటి సగం ఇవ్వాలని నా తపన. రోజుకు పదిసార్లు మెచ్చుకోవడం వల్ల అది రాదు. ఫెయిలై ఇంటికి వచ్చిన రోజు తల్లిదండ్రుల ముఖం మారకపోతే వస్తుంది.

మన ప్రవాసుల సంఘంతోనే మొదలుపెట్టవచ్చు. మన సభల్లో ముందు రెండు వరుసల సోఫాలు దాతలకు, పక్కన వారి పేర్లున్న బోర్డు. కొత్తగా చదువుకు వచ్చిన విద్యార్థులు గోడవారన నిలబడతారు. వంటవాళ్లు కార్యక్రమం చూడనే చూడరు. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాణ్ని మంచి చోట కూర్చోబెట్టి, పేదవాణ్ని నిలబడమనడం గురించి యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో గట్టిగానే మందలించాడు. ఈ డిసెంబరు క్రిస్మస్ సభలో ఆ సోఫాలు తీసేసి, ముందు వచ్చినవారు ముందు కూర్చునేలా చేయమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. వడ్డన వంతు దాతలకూ, కార్యవర్గ సభ్యులకూ వేయండి. దానివల్ల చందాలు కొంత తగ్గితే భోజనంలో రెండు కూరలు తగ్గిద్దాం. వచ్చే సమావేశం ఎజెండాలో ఈ అంశాన్ని పెట్టండి, మాట్లాడటానికి నేను వస్తాను.